బెంగ పెట్టుకున్న వెన్నాకులు

గాలినీ వాననీ కొలిచి పైవాళ్ళకి లెక్క చెప్పే ఉద్యోగంలో ఉన్న మా అన్నయ్యకు, ఏ కొలతకూ లొంగని తమ్ముడు నమస్కరించి రాయునది:

ఇక్కడ మనుషులందరం క్షేమం. మనుషులు అని విడదీసి ఎందుకు రాశానో కిందకి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. తొందరపడి ముందు కింద చదవకు. నువ్వు కూడా ఆ దీవిలో గాలికి కొట్టుకుపోకుండా, టోపీతో సహా క్షేమంగా ఉన్నావని తలుస్తాను. అమ్మ మోకాలు నొప్పి తగ్గింది. నాన్న దగ్గు కూడా తగ్గింది. నా డిగ్రీ పట్టా గోడ మీద మేకుకి వేలాడుతూ ఆరోగ్యంగా ఉంది. దాని యజమాని మాత్రం జనాల వంటిళ్ళలో సింకుల కింద వెల్లకిలా పడుకుని నాన్నకి టార్చిలైటు పట్టే పదవిలోనే కొనసాగుతున్నాడు. లైటు వంకరగా పడితే తిట్లు, సరిగ్గా పడితే మౌనం. పోయిన నెల మౌనం కాస్త ఎక్కువ సంపాదించాను. ఎందుకో అదీ కిందే ఉంది.

నీ ఉత్తరం చేరేసరికి కవరు అంచులు ఉప్పు పట్టి గరగరలాడుతున్నాయి. అమ్మ దాన్ని వాసన చూసి, వీడక్కడ వాతావరణం చూస్తున్నాడా చేపలు పడుతున్నాడా అంది. నెలకొక్కసారి పడవ రావడం, టెలిఫోను తీగ తుఫానుకి తెగిపోవడం, మీ వంటాయన అన్నిట్లోనూ మిరియాలు వేయడం, అన్నీ గట్టిగా చదివి వినిపించాను. వాన పడినప్పుడల్లా ఆ నీటిని గొట్టంలో కొలిచి, అంకె రాసుకుని, తర్వాత నీళ్ళు కింద పారబోస్తావని రాశావు. అన్నయ్యా, ఆ మాట ఇంకెక్కడా అనకు. ఇక్కడ నీ మొక్కలకి కుళాయి నీళ్ళు పనికిరావని మేం బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు మోసుకొస్తున్నాం. మీ ఇంట్లో ఎన్ని బ్యాటరీలున్నాయి బాబూ అని షాపాయన చూసినప్పుడల్లా అడుగుతుంటే, ఉండబట్టలేక ఒకసారి నిజం చెప్పేశాను, పురుగుల్ని తినే మొక్కలకండీ అని. అప్పట్నుంచి చిల్లర నా చేతికివ్వడం మానేసి బల్ల మీద పెడుతున్నాడు.

ఇక నీ ప్రశ్నలకి జవాబులు. వాన నీళ్ళ డ్రమ్ము కుళాయి లీకు ఆగిందా అని అడిగావు. ఆగింది. ఊరందరి లీకులూ ఆపే ఇంట్లో ఆ ఒక్క లీకు ఆగడానికి ఇంతకాలం పట్టింది. ఆగేసరికి డ్రమ్ములో నీళ్ళు లేవు, అది వేరే విషయం.

మొక్కలు ఎలా తిన్నాయని అడిగావు. వానాకాలమంతా రాజభోగం అనుభవించాయి. వర్క్‌షాపు కిటికీలో, మిగిలిపోయిన పైపు ముక్కలతో నువ్వు కట్టిన అలమర మీద, ఆ లోతులేని కుండీల్లో, గులాబీ రంగు ఆకులు పువ్వుల్లా విచ్చుకుని ఒంటినిండా జిగురు చెమట పట్టి కూర్చున్నాయి. చూడ్డానికి పరమ సాధువులు. చిన్న నుసుము పురుగు వచ్చి వాలిందా, ఇక దానికి సెలవే. నోరు లేదు, పళ్ళు లేవు, చప్పుడు లేదు. కొన్నాళ్ళకి రెక్కలు మాత్రం మిగులుతాయి. ఇంత మర్యాదగా భోంచేసేవాళ్ళు మన బంధువుల్లో ఎవరూ లేరు. నువ్వు మెక్సికన్ బటర్‌వర్ట్ అని ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగని అమ్మ, ఒక రోజు ఆకుని వేలితో తాకి చూసి, వెన్న రాసినట్టుందే అని వాటికి వెన్నాకులు అని పేరు పెట్టింది. ఇప్పుడు ఇంట్లో అందరం అలాగే అంటున్నాం. ఊదారంగుది పూసింది. సన్నటి కాడ, దాని కొసన ఒక్కటే పువ్వు, వెనక తోక. అమ్మ దాన్ని నాకు చూపించి, నీలాగే ఉందిరా రేడియో, కుదురు తక్కువ తోక ఎక్కువ అంది. అవును, ఇంకా రేడియో అనే పిలుస్తోంది. చిన్నప్పుడు నోరు మూతపడదని పెట్టిన పేరు, ఉద్యోగం వచ్చినా పోయేలా లేదు. ఉద్యోగం వస్తే కదా, అంటుంది అమ్మ.

పళ్ళ డాక్టరు గారు వచ్చారా అని అడిగావు. వచ్చారు. దాని గురించే ఈ ఉత్తరం.

నువ్వు రాసింది నాకు అర్థమైంది. ఈసారి వచ్చే పడవలో నీ ఉద్యోగం కాగితం వస్తుంది, ఇంకో రెండేళ్ళకి సంతకం పెడతావు. నీకు తెలిసినవాళ్ళలో ఈ మొక్కల పిచ్చి ఉన్నది డాక్టరు గారొక్కరే కాబట్టి ఆయనకి ముందే రాశానని, అలమరలోవన్నీ అప్పగించేయమన్నావు. ఇంటికి రావడానికి ఆ అలమర తప్ప నాకక్కడ ఏముంది అని ఒక వాక్యం రాశావు. అది అమ్మకి చదివి వినిపించలేదు. చదువుతూ చదువుతూ దగ్గు వచ్చినట్టు నటించి పక్క వాక్యంలోకి దూకాను. నాన్నయితే ఆ గదిలో లేడు. గుమ్మం అవతల నిలబడి వాషర్లు సర్దుకుంటున్నాడు.

ఇప్పుడు చెప్పక తప్పదు. అన్నయ్యా, నీ మొక్కల్ని నేను చంపేశాను.

వెళ్ళేటప్పుడు నువ్వు స్పష్టంగా చెప్పావు. చలి మొదలయ్యాక ఆకుల మీద జిగురు ఆరిపోతుంది, మొక్క ముడుచుకుని చొక్కా గుండీ అంత అయిపోతుంది, చూసి భయపడొద్దు, అది చావడం కాదు నిద్ర, నిద్రలో ఉన్నప్పుడు నీళ్ళు పొయ్యొద్దు అని. నేను తల ఊపాను. చలి వచ్చింది. మొక్కలు ముడుచుకున్నాయి. నాకు జాలేసింది. నీళ్ళు పోశాను. రోజూ పోశాను. అవి నిద్రలోనే కుళ్ళిపోయాయి.

డాక్టరు గారు పోయిన నెల వచ్చారు. దూది పరిచిన అట్టపెట్టె, పట్టకారు, కంటికి భూతద్దం, జేబులో పళ్ళు చూసే చిన్న అద్దం. అలమర ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ అద్దాన్ని ఒక్కో ఆకు కిందకీ పోనిచ్చి చూశారు. నోరు తెరవమనలేదు, అంతే తేడా. ఆకులు ఉడికిన ఉల్లిపొరల్లా ఉన్నాయి. పట్టుకుంటే వేలికి అంటుకొచ్చేస్తున్నాయి. తర్వాత తలెత్తి అడిగారు.

"చలికాలంలో నీళ్ళు పోసిందెవరు?"

"నేనేనండీ."

"చదువుకున్నవాడివి కదయ్యా."

"చదువులో ఇది లేదండీ."

"మీ అన్నయ్య చెప్పలేదా?"

"చెప్పాడండీ. వినడం కూడా చదువులో లేదు."

ఆయన నవ్వలేదు. రాతి మీది మొక్క దగ్గర చాలాసేపు ఆగారు. అదే, నీ మొట్టమొదటిది, సున్నపురాయి బొరియలో నువ్వు పెంచింది. దాంట్లో ఒక్క ఆకు కూడా గట్టిగా లేదు. ఇది వెళ్ళిపోయింది అన్నారు, మనిషి గురించి చెప్పినట్టు. మిగతావాటిలో అంచున అక్కడొకటి ఇక్కడొకటి గట్టి ఆకులున్నాయి. ఆకుని మొదలంటా, తెల్లటి అడుగు తెగకుండా లాగి, తడి ఇసక మీద పడుకోబెడితే దాని మొదట్లో పిల్లమొక్క పుట్టవచ్చని ఒకటి తీసి చూపించారు. అమ్మ టీ ఇస్తే తాగడానికి లోపలికి వెళ్ళారు. ఆయన టీ తాగి వచ్చేసరికి నేను బతికున్న ఆకులన్నీ తీసేసి, చక్కగా, వరసగా, ఒకే ట్రేలో పడుకోబెట్టాను. పేర్ల చీటీలు మాత్రం కుండీల్లోనే ఉండిపోయాయి. ఏ ఆకు ఏ కుండీలోదో ఇక ఎవరికీ తెలీదు.

డాక్టరు గారు ట్రే చూసి తల పట్టుకున్నారు. పేరు తెలియని మొక్కని తన సేకరణలో పెట్టుకోరట. కోపంగా అనలేదు, పన్ను పీకక తప్పదన్నప్పుడు ఎంత మెల్లగా చెబుతారో అంత మెల్లగా చెప్పారు. ఇవి పెరిగి పూసేదాకా ఏది ఏదో చెప్పలేం, పూసినా అందులో నువ్వు కలిపి పుట్టించిన సంకరాలున్నాయి కాబట్టి వాటి పేరు పెంచినవాడికే తెలియాలి అన్నారు. ఖాళీ పెట్టె పట్టుకుని వెళ్ళిపోయారు.

ఇదీ సంగతి. నీ ఏళ్ళ శ్రమ నా చేతుల్లో పోయింది. నన్ను ఎంత తిట్టినా పడతాను. నువ్వు తిట్టి రాసే ఉత్తరాన్ని కూడా అమ్మకి గట్టిగా, దగ్గకుండా చదివి వినిపిస్తానని మాట ఇస్తున్నాను.

*

అన్నయ్యా, ఇక్కడిదాకా రాసి నాన్నకి చదివి వినిపించాను. ఆయనే వినిపించమన్నాడు. పాత కుళాయి ఒకటి విప్పి ఒళ్ళో పెట్టుకుని, దాని మర తుడుస్తూ విన్నాడు. చివరిదాకా తల ఎత్తలేదు. అయ్యాక, "బాగుంది. కవర్లో పెట్టి అంటించెయ్" అన్నాడు. తర్వాత పని సంచి భుజాన వేసుకున్నాడు. నేను టార్చి తీసుకుంటుంటే, వద్దులే, ఇవాళ నేనే పట్టుకుంటాను అని ఒక్కడే వెళ్ళాడు.

ఒక చేత్తో రెంచీ తిప్పుతూ ఇంకో చేత్తో లైటు ఎలా పట్టుకుంటాడో నాకు తెలీదు. నోట్లో పెట్టుకుంటాడేమో.

నేను కవరుకి జిగురు రాస్తుంటే అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. కవరు వంక చూసింది. నా వంక చూసింది.

"రేడియో, ఈ ఒక్కసారికీ వార్తలు ఉన్నవి ఉన్నట్టు చదవరా."

అందుకని కవరు పక్కన పెట్టి మళ్ళీ రాస్తున్నాను. పై పేజీలు చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నాన్న నా చేత ఏం రాయించాలనుకున్నాడో కూడా నువ్వు చూడాలి. అయినా నాకు జాలేసింది అని రాసిన చోటే నీకు అనుమానం వచ్చి ఉండాలి. నాకు ఎప్పుడు జాలేసింది? మన పిల్లి బావిగట్టు మీంచి జారితే రక్షించే ముందు వ్యాఖ్యానం చెప్పినవాణ్ణి నేను.

మొక్కలకి నీళ్ళు పోసింది నాన్న.

చలి మొదలవుతున్న రోజుల్లో, కొత్తగా కడుతున్న ఒక హాస్టలుకి పైపులు వేసే పని వచ్చింది. అక్కడే ఉండి చూసుకోవాలని నాన్న నన్ను పంపాడు. బయలుదేరే రోజు పొద్దున వర్క్‌షాపులో బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. నాన్న నీ అలమర ముందు నిలబడి ఉన్నాడు. నువ్వెళ్ళాక ఆయన దాని వంక చూడ్డం నేను చూడలేదు. రెంచీ కావాలన్నా అటు తిరక్కుండా చెయ్యి మాత్రం చాచేవాడు. అలాంటిది ఆ రోజు కళ్ళజోడు పైకి తోసుకుని, మొహం దగ్గరగా పెట్టి చూస్తున్నాడు.

"వీటికేమైందిరా? ఇలా చిక్కిపోయాయి."

నిద్రపోతున్నాయి నాన్నా. ఇంతే అనాల్సింది. అంతకంటే అక్కర్లేదు. నేనేమన్నానో విను. బూటు తాడు ముడి వేస్తూ, వార్తలు చదివేవాడి గొంతు పెట్టి, గంభీరంగా అన్నాను.

"అన్నయ్య మీద బెంగ పెట్టుకున్నాయి నాన్నా. తిండి మానేశాయి. డాక్టర్లు పెదవి విరిచారు."

ఆయన నవ్వలేదు. జోకు పేలలేదనుకున్నాను. బస్సుకి టైమవుతోందని సంచి తీసుకుని వెళ్ళిపోయాను. తిండి మానేశాయన్నది నిజమే కదా అని దారిలో నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. చలికాలంలో జిగురు లేని ఆకులు ఏ పురుగునీ తినవని నువ్వే చెప్పావు. నిజం ముక్క ఒకటి కలిపితే జోకు బాగా కుదురుతుందని నాకో నమ్మకం ఉండేది.

తర్వాత జరిగింది అమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే నాన్న బ్యాటరీ షాపుకి వెళ్ళాడట. షాపాయన, మళ్ళీ ఆ పురుగుల మొక్కలకేనా అని ఎగతాళిగా అడిగితే, "మా పెద్దాడివి" అన్నాడట. డబ్బా ఎత్తుకుని వచ్చేశాడట. కుళాయి నీళ్ళు పడవని ఆయనకెలా తెలుసు అంటావేమో. నువ్వు నాకు చెబుతున్నప్పుడు పక్క గదిలో పైపు కోస్తూ విన్నాడు. కోత చప్పుడులో సగమే వినబడి ఉంటుంది. చలికాలం సంగతి వినబడని సగంలో పడింది.

జీవితమంతా ఎండిపోయిన కుళాయిలకి నీళ్ళు రప్పించిన మనిషి. ఆయనకి ఎదురుగా ఏదైనా ఎండిపోతుంటే చేతులు ఊరుకోవు. అలమర పైన సీసా తలకిందులుగా కట్టి, దాన్నుంచి సన్నటి గొట్టాలు దించి, ఒక్కో కుండీ మొదట్లోకి ఒక్కో గొట్టం, ఒక్కో గొట్టానికి ఒక బుల్లి వాల్వు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు. చుక్క ఎంత నెమ్మదిగా పడాలో సరిచూసుకుంటూ ఆదివారమంతా దాని ముందే కూర్చున్నాడట. తిరిగొచ్చాక నేను చూశాను దాన్ని. నాన్న చేసిన పనుల్లోకెల్లా అందమైన పని అన్నయ్యా. ఎక్కడా ఒక్క లీకు లేదు. ఒక్క లీకు ఉండి ఉంటే మొక్కలు బతికేవి.

ఆకులు మెత్తబడటం మొదలయ్యాక దాహం ఇంకా తీరలేదనుకుని వాల్వులు కాస్త వదులు చేశాడట.

ఇంకో మాట చెప్పింది అమ్మ. ఇది రాయనా వద్దా అని కలం మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి రాస్తున్నాను. ఒక రోజు నాన్న పని నుంచి వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆ గొట్టాలు సర్దుతున్నాడట. అమ్మ టీ తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయిందట. కుండీల వంక చూస్తూ అంటున్నాడట.

"తాగండర్రా. వాడు వచ్చేస్తాడు."

అమ్మ ఆ టీ వెనక్కి తీసుకొచ్చేసిందట. కాసేపాగి మళ్ళీ వేడిచేసి, గిన్నెలు చప్పుడు చేసుకుంటూ తీసుకెళ్ళిందట.

నేను హాస్టలు పని ముగించుకుని వచ్చేసరికి గదిలో తడిగుడ్డ మూలన మాగిపోయిన వాసన. నాన్న సీసా విప్పి పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత డాక్టరు గారు వచ్చి, నీళ్ళు పోసిందెవరు అన్నప్పుడు నాన్న నా వెనకే ఉన్నాడు. నోరు తెరవబోతున్నాడని ఆయన ఊపిరిని బట్టి తెలిసింది. నేనేనండీ అనే మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. నేను ఆలోచించకుండా అన్న మంచి మాట జీవితంలో అదొక్కటే అయి ఉంటుంది.

ట్రేలో ఆకులు కలిపేసింది కూడా నాన్నే. డాక్టరు గారు చూపించిన ఒక్క ఆకునీ చూసి, ఆయన టీ తాగేలోపు మిగతావన్నీ తీసేశాడు. ఆలస్యమైతే అవీ పోతాయేమోనని. తుప్పు పట్టిన నట్లు విప్పడానికే పుట్టినట్టుండే ఆ వేళ్ళతో ఒక్క ఆకు చిట్లకుండా, ఒక్క తెల్ల అడుగు తెగకుండా తీశాడు. చీటీల సంగతి ఆయనకేం తెలుసు. ఆయన లెక్కలో అన్నీ ఒకటే. అన్నీ నీవే.

డాక్టరు గారు వెళ్ళాక చేతులు కడుక్కుంటూ నాన్న అన్నాడు, ఈ సంగతి నీకు రాసేటప్పుడు తన పేరు ఎత్తొద్దని. నేను ఒప్పుకోలేదు.

"ఎన్నాళ్ళు దాస్తాం నాన్నా? పోనీ, పొరపాటున చేశావని రాస్తాను."

"నువ్వు చేశావంటే పొరపాటంటాడు. రెండు తిట్టి ఊరుకుంటాడు."

"నువ్వు చేశావంటే?"

ఆయన కుళాయి కట్టేసి, తువ్వాలు కోసం చూసి, అది దొరక్క చొక్కాకే తుడుచుకున్నాడు.

"నేను చేశానంటే కావాలని చేశాననుకుంటాడు."

నువ్వు వెళ్ళిన రోజు ఆయనన్నది మనిద్దరం విన్నాం. నువ్వు గడప దాటు, వీటన్నిటినీ డ్రైనేజీలో కలిపేస్తాను అన్నాడు. నువ్వూ తక్కువ తినలేదు. నీ పైపుల కన్నా ఈ మొక్కలే నయం, అరవవు అన్నావు. ఉద్యోగం సంగతి ఆయనకి చెప్పకుండా, ఆయన ప్లంబింగ్ పనికి కొత్త బోర్డు రాయించుకొచ్చిన రోజే టికెట్టు చూపించావు. ఎవరిది ఎక్కువ తప్పో తేల్చడానికి నాకు అర్హత లేదు. ఆ గొడవ జరుగుతున్నంతసేపూ నేను మెట్ల మీద కూర్చుని ఎవరు గెలుస్తారోనని చూస్తున్నాను. ఒకళ్ళ చెయ్యయినా పట్టుకుని ఆపొచ్చన్న ఆలోచన నాకు రాలేదు.

ఇప్పుడు నువ్వు నమ్మాల్సింది ఒక్కటే. ఆయన వాటిని డ్రైనేజీలో కలపలేదు. ప్రేమగా, లీకు లేకుండా, చుక్క చుక్కగా ముంచేశాడు. అలా ముంచేలా చేసింది నా జోకు. ఇన్నేళ్ళలో నేనన్న మాటని నిజమని నమ్మినవాడు ఆయనొక్కడే. దాంట్లో పూర్తిగా అబద్ధమూ లేదు. బెంగ పెట్టుకున్నది ఎవరన్నదొక్కటే తప్పు చెప్పాను.

నీ ఆఖరి ప్రశ్న మిగిలిపోయింది. సంతకం కింద, కాగితం అంచున ఇరికించి అడిగావు, నాన్న బోర్డు మార్పించాడా అని. మార్పించలేదు. తండ్రీ కొడుకులు, అన్ని రకాల ప్లంబింగ్ పనులు అని అలాగే ఉంది. నువ్వెళ్ళాక గోడవైపు తిప్పి ఆనించాడు. ఇప్పుడు తీసి కిటికీ కింద రెండు ఇనప స్టాండ్ల మీద అడ్డంగా పరిచాడు. దాని మీదే ఆకుల ట్రే పెట్టాడు. తడికి రంగు పోతుంది నాన్నా అంటే, పోతే వేయిద్దాం, ముందు వీటికి వెలుతురు తగలనీ అన్నాడు.

ట్రేలో కొన్ని ఆకులు నల్లబడిపోయాయి. కొన్నిటి మొదట్లో మాత్రం ఆవగింజంత పచ్చటి చుక్కలు లేచాయి. నాన్న చుక్క నీళ్ళు చల్లాలన్నా ఇప్పుడు నన్నడుగుతున్నాడు. తెలిస్తే తెలిసిందే చెబుతున్నాను, తెలియకపోతే డాక్టరు గారికి ఫోన్ చేసి అడుగుతున్నాను. జోకులు వేయట్లేదు. ఇల్లు బాగా నిశ్శబ్దంగా ఉంది. నీకు ఇలాంటి ఇల్లు ఇష్టమని గుర్తు.

రాతి మీది మొక్క మాత్రం పోయింది. దానికి నేను ఏ రకంగానూ సర్ది చెప్పలేను. నాన్న ఆ రాయిని కడిగి, అలమరలో ఎక్కడుండేదో అక్కడే పెట్టాడు.

ఆ కాగితం మీద సంతకం పెట్టు అనో వద్దు అనో నేను చెప్పను. అంత పెద్ద తమ్ముణ్ణి కాను. డాక్టరు గారి మాట ప్రకారం ఈ పిల్లమొక్కలు అన్నీ బాగుంటే వచ్చే ఏడు వానలయ్యాక పూస్తాయి. అప్పటికి నువ్వు అక్కడే ఉంటే వాటికి తోచిన పేర్లు పెట్టే అధికారం నాకు వస్తుంది. ఏం పేర్లు పెడతానో నీకు తెలుసు. దీన్ని బెదిరింపుగా భావించవచ్చు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. నాన్న తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్కని వేడిచేసి, చదును చేసి, సన్నటి పట్టీలుగా కోసి, అంచులు సానపట్టి చీటీలు తయారుచేశాడు. ఒక్కో పచ్చ చుక్క పక్కన ఒక్కోటి గుచ్చాడు. అన్నీ ఖాళీవే. నేను ఊరుకోలేక, ఒకటి, రెండు అని అంకెలన్నా వేద్దామని మార్కరు తీశాను. నా చేతిలోంచి లాగేసుకున్నాడు.

"రాయకు. నీకు తెలీదు, నాకూ తెలీదు. పువ్వు చూసి వాడే రాస్తాడు."

అలమర కాలికి దారంతో ఒక పెన్సిలు వేలాడదీశాడు. మార్కరు ఎండకి పోతుందట, పెన్సిలు పోదట. డాక్టరు గార్ని అడిగి తెలుసుకున్నాడు. దాంతో ఇంతవరకూ ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. అయినా అది పొట్టిదవుతోంది. పొద్దున పనికి వెళ్ళే ముందు నాన్న దాని మొన చెక్కి వెళ్తున్నాడు.

ఇట్లు,
ఈ ఒక్కసారికీ వార్తలు ఉన్నవి ఉన్నట్టు చదివిన
నీ తమ్ముడు,
రేడియో